ఆసుపత్రికి రాని పిల్లల లెక్క

కరోనా వల్ల 2020 మార్చి 22న ఆగిన ఆర్టీసీ బస్సులు మన జిల్లాల్లో మళ్లీ రోడ్డెక్కింది మే 19న. ఆ మధ్యకాలంలో ములుగు జిల్లా ఏటూరునాగారం వైపు పల్లెలో ఏ బిడ్డకైనా ఫిట్స్ వస్తే వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి దాదాపు వంద కిలోమీటర్ల దూరం. 108 ఉంది, నిజమే. కానీ ఎంజీఎంలో కరోనా వార్డు పెట్టారని తెలిశాక, అక్కడికి వెళ్తే లేని రోగం అంటుకుంటుందన్న భయం కన్నవాళ్లను కట్టిపడేసింది. ఊళ్లో ఆర్‌ఎంపీతో సూది వేయించి, రెండు రోజులు చూద్దామనుకున్న ఇళ్లు ఎన్నో.

పిల్లల అత్యవసర కేసులు తగ్గడం ఇక్కడి సంగతి మాత్రమే కాదు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చే పదేళ్లలోపు పిల్లల సంఖ్య అంతకుముందు ఏడాదికన్నా 72 శాతం పడిపోయింది. దీన్ని శుభవార్త అనుకున్నవారున్నారు. బడులు మూతపడి జలుబు, విరేచనాలు వ్యాపించలేదు, రోడ్డు ప్రమాదాలు తగ్గాయి కాబట్టి అందులో కొంత నిజం ఉంది. మిగతా భాగమే నన్ను కలవరపెడుతోంది.

ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక ఎక్కువగా పిల్లల్లో బయటపడే టైప్ 1 మధుమేహాన్నే తీసుకోండి. పిల్లవాడు మాటిమాటికీ నీళ్లు తాగుతాడు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, ఒళ్లు తగ్గుతుంది. ఏప్రిల్ ఎండల్లో వరంగల్‌లో దాహాన్ని రోగమని ఎవరనుకుంటారు? తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. ఇంట్లోవాళ్లు వడదెబ్బ అనుకుని మజ్జిగ, గ్లూకోజు నీళ్లు తాగిస్తారు. ఆ బిడ్డకు గ్లూకోజు ఇంకా చేటు. ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ఈ స్థితిని కీటోఅసిడోసిస్ అంటారు. అది ముదిరితే ప్రాణానికే ముప్పు. జర్మనీలో 2020 మార్చి మధ్య నుంచి మే మధ్య వరకు కొత్తగా మధుమేహం బయటపడిన పిల్లల్లో సుమారు 45 శాతం మందికి అప్పటికే ఆ స్థితి వచ్చేసింది. 2019లో అది సుమారు 24.5 శాతమే. అన్ని వసతులున్న దేశంలోనే ఇలా జరిగితే ములుగు అడవి గూడేల్లో ఏం జరిగి ఉంటుంది?

పైగా పత్తి, మిర్చి వేసే ఇళ్లలో పురుగుమందు సీసా చేతికందే ఎత్తులోనే ఉంటుంది. బడీ అంగన్‌వాడీ లేక పిల్లలు రోజంతా ఆ ఇంట్లోనే గడిపారు. పురుగుమందు తాగిన బిడ్డ విషయంలో రెండు రోజులు చూద్దామనే వ్యవధి ఉండదు.

రోజూ సాయంత్రం బులెటిన్‌లో కరోనా కేసులు చెప్పారు. పిల్లల ఎమర్జెన్సీకి ఎందరు వచ్చారో, ఎంత ఆలస్యంగా వచ్చారో మాత్రం చెప్పలేదు. ఆసుపత్రి రిజిస్టరులో వచ్చినవారి పేర్లే ఉంటాయి కాబట్టి, ఆలస్యాన్ని పట్టుకోవాలంటే లక్షణం మొదలై ఎన్ని గంటలైంది, మధ్యలో ఎక్కడ చూపించారు అన్నవి ప్రతి కేస్ షీటులో రాయాలి. అసలు రానివారి కోసం గడప దగ్గరికే వెళ్లాలి. 2021 మేలో ఆశా కార్యకర్తలు ఇంటింటి జ్వర సర్వే చేశారు. మరోసారి అలాంటి పరిస్థితి వస్తే ఆ సర్వే కాగితంలోనే పిల్లల దాహం, ఆయాసం, ఫిట్స్ గురించి మూడు ప్రశ్నలు చేర్చి, అవునన్న ఇంటికి అదే రోజు 108ని పంపాలి.