నుదుటి మధ్య వెలుగు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వెలుగు గారికి,

నిన్న మధ్యాహ్నం కూడా తమరు దయ చెయ్యలేదండి. కల్యాణమండపం మేడ మీద ధ్యాన శిబిరం వాళ్లు మనిషికి ఐదొందలు కట్టించుకున్నారు. ఫ్లెక్సీ మీద ‘బౌద్ధ ధ్యాన రహస్యం, మొదటి రోజే వెలుగు దర్శనం’ అని రాసి, బుద్ధుడి బొమ్మ కన్నా తమరి బొమ్మే పెద్దది వేశారు. చివర్లో మైకు వరసల మధ్య తిరిగింది. ‘తమకి కనబడిందా అండి? తమకో?’ కనబడినవాళ్లు ముందుకి, లేనివాళ్లు వెనక్కి. వెనకవాళ్లకి వచ్చే ఆదివారం ప్రత్యేక దీక్షట, దానికి వేరే రుసుము.

నా గొడవంతా తమరిని హాజరుపట్టీ చేసేసినందుకండి.

తమరిని పిలిచే పద్ధతి చూడండి. కళ్లు మూసుకుని, గుడ్లు పైకి తిప్పి, కనుబొమల మధ్యకి చూడమంటారు. కాసేపు అలా బిగబట్టేసరికి కండరాలు లాగి, చుక్కలూ మెరుపులూ మొదలు. కళ్లు గట్టిగా నులుముకుంటే పసిపిల్లలకీ కనబడతాయవి. దాని మీద గబగబా ఊపిరి తీయిస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్ల చివర్లూ పెదాల చుట్టూ జివ్వుమని, తల తేలిపోతుంది. అది శక్తిపాతమట, గురువు శక్తి ఒంట్లోకి దిగడమట. కాలు తిమ్మిరెక్కితే వెన్నులో నిద్రపోయే కుండలిని శక్తి లేచినట్టట. ఒంటి చుట్టూ కాంతి అంటూ తీసే ఆరా ఫొటోల జోలికి నేను పోను.

ఐదో శతాబ్దంలో శ్రీలంకలోని అనూరాధపురంలో కూర్చుని బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు రాసిన ధ్యాన గ్రంథం విసుద్ధిమగ్గంలో, విపశ్యనకి, అంటే ఉన్నదున్నట్టు చూసే ధ్యానానికి, పట్టే మకిలి పది రకాలు. అందులో మొట్టమొదటి పేరు తమరిదేనండి, ఓభాసం, అంటే వెలుగు. ‘ఇంత వెలుగు ఎన్నడూ చూడలేదు, ఇంకేముంది, గట్టెక్కేశాను’ అనుకుని సాధకుడు చేస్తున్న పని వదిలేసి తమరిని చూస్తూ కూర్చుంటాడట. అక్కడ మకిలి అన్నదాన్ని ఇక్కడ ఫ్లెక్సీకి ఎక్కించారు.

ఉన్నమాట చెప్పాలి. శ్వాస మీద ధ్యానంలో, మనసు బాగా నిలిచాక, నిమిత్తం అనే రూపంలో, అంటే మనసు కుదిరిందనే గుర్తుగా, తమరు రావడం కద్దు. ఒకరికి నక్షత్రంలా, ఒకరికి దూదిలా, ఇంకొకరికి పొగలా, సాలెగూడులా. ఎవరి మనసుని బట్టి వాళ్లకి. అలాంటప్పుడు అందరినీ ఒకే ప్రశ్న అడిగి వరసలు కట్టడమేమిటి? వచ్చినా సరే రంగు చూడొద్దు, లక్షణాలు ఎంచొద్దు అనే ఆ గ్రంథంలో ఉంది.

అసలు పని ఇంతేనండి. ముక్కుపుటాల అంచునో పైపెదవి మీదో ఊపిరి తగిలే చోట మనసు పెట్టి లెక్కపెట్టడం. లెక్క ఐదుకి తగ్గకూడదు, పదికి మించకూడదు. తగ్గితే మనసు ఇరుకున పడి గింజుకుంటుంది. మించితే ఊపిరిని వదిలేసి అంకెని పట్టుకుంటుంది. మొదట్లో ధాన్యం కొలిచేవాడిలా నిదానంగా లెక్కపెట్టమన్నాడు బుద్ధఘోషుడు. కుంచం నింపి, గుమ్మరించి, ఒకటికి బదులు ‘లాభం’ అని, మళ్లీ నింపి ‘రెండు’ అనే కళ్లాల మధ్య పెరిగినవాళ్లకి ఇందులో రహస్యమేముంది? కోనసీమలో గోదావరి పాయ వైనతేయ పక్కన, ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఇటుకలు ఇప్పటికీ ఉన్నాయి, ఈ ధర్మం మనకేం కొత్త కాదు. గురువు గుప్పిట మూసి దాచుకున్నదంటూ తన దగ్గర ఏమీ లేదని బుద్ధుడే శిష్యుడు ఆనందుడికి చెప్పాడు.

మహిమలు సుత్తాల్లో, అంటే బుద్ధుడి ఉపదేశాల్లో, లేనే లేవని నేను బుకాయించను. ఉన్నాయి. కానీ నలందలో కేవట్టుడనే గృహస్థు వచ్చి ‘ఒక భిక్షువు చేత మహిమ చూపించండి, ఊరంతా తమవైపు తిరుగుతుంది’ అని బతిమాలితే బుద్ధుడు ఒప్పుకోలేదు. నమ్మనివాడు ‘ఆఁ, గాంధారీ విద్య, ఏదో మంత్రం’ అని తీసిపారేస్తాడు, అందుకే ఆ ప్రదర్శనంటే తనకి రోత అన్నాడు. ఆయన మెచ్చిన మహిమ బోధన ఒక్కటే: ఇలా ఆలోచించు, అలా ఆలోచించకు, ఇది వదులు, ఇది పట్టు.

భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో ఇంకో ముచ్చట ఉందండి. కరువు రోజుల్లో వగ్గుముదా నది ఒడ్డున ఉన్న భిక్షువులు గృహస్థుల ముందు ఒకరి సిద్ధుల్ని ఒకరు పొగుడుకుని కడుపునిండా తిన్నారు. వానాకాలం గడిచాక మిగతా భిక్షువులు ఎండిపోయి వస్తే, వీళ్లు నిగనిగలాడుతూ వచ్చారు. సంగతి బయటపడింది. నాలుగో పారాజికం, అంటే సంఘంలోంచి వెలేసే నేరాల్లో నాలుగోది, అక్కడ పుట్టిందే: లేని సిద్ధి ఉందని తెలిసి తెలిసి చెప్పుకున్న భిక్షువుకి సంఘంలో చోటు లేదు. నిజంగా ఉన్నా గృహస్థుకి చెప్పడం తప్పే. అలాంటిది మైకు పట్టుకుని, గృహస్థుల్ని లేపి, పదిమందిలో ‘ఏం కనబడిందో చెప్పండి’ అని అడిగిస్తారా? పక్కవాడు చూసి నవ్వుతాడని సగంమంది అబద్ధమాడతారని తెలీదా? సిగ్గులేని పని. నీ పేరు మీద జరుగుతోంది కాబట్టి నీకు ఇక అండీ గిండీ లేదు.

ఇంతకీ మొన్నటి బ్యాచికైనా నిన్నటి బ్యాచికైనా పట్టింది నువ్వు కాదు, నిద్ర. పనసపొట్టు కూర, పులిహోర, పూర్ణాలు, గడ్డపెరుగు. వద్దని చెయ్యి అడ్డుపెట్టినా వేళ్ల సందుల్లోంచి మారు వడ్డిస్తారు. ఇంకో నాలుగైదు ముద్దలు పట్టేలా ఉండగానే ఆపి నీళ్లు తాగమని బుద్ధుడి పెద్ద శిష్యుడు సారిపుత్తుడు చెప్పింది ఇందుకే. ఇంకో పెద్ద శిష్యుడు, అంతటి మొగ్గల్లానుడే ధ్యానంలో కునికిపాట్లు పడ్డాడు. బుద్ధుడు ఆయనకి చెప్పిన చిట్కాలు: చెవులు లాగి ఒళ్లు రుద్దుకో, లేచి నీళ్లతో కళ్లు కడుక్కుని దిక్కులు చూడు, అటూ ఇటూ నడువు, ఏదీ కుదరకపోతే కుడిపక్కకి తిరిగి పడుకో. ఆ వరసలోనే ఉంది, పగటి వెలుగుని మనసులోకి తెచ్చుకో అని. అదీ నీకు బుద్ధుడిచ్చిన ఉద్యోగం, మత్తు వదలగొట్టడం.

ఆ డ్యూటీకి రా. భోజనాలయ్యాక, రెండు గంటలకి. కరెంటు కూడా అప్పుడే పోతుంది.