చెక్కు రాయాలంటే భయం

జకాత్ అంటే ముస్లింలకు తోస్తే చేసే దానం కాదు, విధి. దాచుకున్న సొమ్ములో ఏటా రెండున్నర శాతం పేదలకు చేరాలి. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికాలో ఆ విధికి చెక్కు రాయాలన్నా టెన్షనే. చెక్కు మీద పేరుంటుంది. ఆ పేరు పట్టుకుని, ఉగ్రవాదులకు డబ్బిచ్చావంటూ రేపు ఎఫ్‌బీఐ వాళ్లు తలుపు తడితే? అందుకే కొందరు నోట్లే మడిచి మసీదు డబ్బాలో వేసి వచ్చేవారు. పౌర హక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2009లో ఇచ్చిన నివేదిక నిండా ఈ భయమే.

అది ఊరికే పుట్టిన భయం కాదు. ఒహాయోలోని కైండ్‌హార్ట్స్ అనే ముస్లిం దాతృత్వ సంస్థ ఖాతాలను 2006 ఫిబ్రవరిలో ట్రెజరీ శాఖ స్తంభింపజేసింది. చూపిన కారణం, విచారణ జరుగుతోందని. వారంట్ లేదు, నేరారోపణా లేదు. అది రాజ్యాంగ విరుద్ధమని 2009లో ఫెడరల్ కోర్టు తేల్చింది. కేసు గెలిచినా సంస్థ బతకలేదు. ప్రభుత్వంతో రాజీ కుదిరాక, మిగిలిన డబ్బు వేరే సంస్థలకు పంచేసి మూతపడింది.

టెక్సస్‌లోని హోలీ ల్యాండ్ ఫౌండేషన్ కూడా ముస్లిం దాతృత్వ సంస్థే; పాలస్తీనా కమిటీల ద్వారా హమాస్‌కు డబ్బు చేరవేసిందన్నది దాని మీద ఆరోపణ. ఆ కేసు ఇంత సూటిగా ఉండదు. 2007లో జ్యూరీ ఎటూ తేల్చలేకపోయింది. మరుసటి ఏడాది రెండో విచారణలో ఐదుగురు దోషులయ్యారు, అప్పీలు కోర్టూ దాన్ని సమర్థించింది. కేసంతా కట్టుకథ అని నేను అనను. కానీ డబ్బు అందుకున్న పాలస్తీనా జకాత్ కమిటీలు అమెరికా నిషేధిత జాబితాలో లేవు. కీలక సాక్షి అసలు పేరేమిటో నిందితుల లాయర్లకు కూడా చెప్పలేదు. అలాంటి విచారణ తర్వాత ఇద్దరికి 65 ఏళ్ల చొప్పున జైలు!

అదే 2007లో అరటిపళ్ల కంపెనీ చికీటా ఇంకో కోర్టులో నేరం ఒప్పుకుంది. అమెరికాయే ఉగ్రవాద సంస్థగా ప్రకటించిన కొలంబియా సాయుధ ముఠాకు ఆ కంపెనీ ఏళ్ల తరబడి ఇచ్చింది 17 లక్షల డాలర్లు. బెదిరిస్తే ఇచ్చామంది. రెండున్నర కోట్ల డాలర్ల జరిమానాతో సరిపోయింది. ఆ కేసులో ఒక్క అధికారి కూడా జైలుకు వెళ్లలేదు. చట్టంలో ఎక్కడా మతం పేరు ఉండదు, నిజమే. కానీ ఎవరి మాట నమ్మాలి, ఎవరిని ముందే అనుమానించాలి అన్నది చట్టం అమలు చేసేవాళ్ల చేతిలో ఉంటుంది. పక్షపాతం దూరేది అక్కడే.

దానాల మీద ఉన్న నిబంధనల వల్ల ముస్లింలకు మత విధి కష్టమైందని 2009 జూన్‌లో కైరోలో ఒబామాయే ఒప్పుకున్నారు. విచారణ పేరుతో ఖాతాలు ఆపేసే ఆ సెక్షన్ మాత్రం ఇప్పటికీ చట్టంలో అలాగే ఉంది.