గొంతుకు లేని గడువు

లైవ్‌లో ఉన్న యాంకర్ ఎదురుగా కూర్చున్న అతిథి మాట వింటున్నట్టే కనిపిస్తారు. వింటారు కూడా. అదే సమయంలో చెవిలో కంట్రోల్ రూమ్ నుంచి ఇంకో గొంతు: 'తర్వాతి లైన్ కట్ అయింది, ఇంకో 40 సెకన్లు లాగండి'. అతిథి ఆపగానే ఆ 40 సెకన్లూ తడబాటు లేకుండా, చూసేవాళ్లకు అనుమానం రాకుండా నింపాలి. చదవాల్సిన మాటలు చూపే టెలిప్రాంప్టర్ అక్కడ అక్కరకు రాదు, అందులో లేనిదే మాట్లాడాలి కదా. ఏళ్ల తరబడి మైకు ముందు కూర్చుంటే తప్ప రాని నేర్పు ఇది. తీరా అది పండే వయసుకే 'కొత్త ముఖం చూద్దాం' అంటారు. ఆ మాట ఎక్కువగా మహిళలకే వినబడుతుంది.

రేడియోకు ఈ జబ్బు తక్కువ. వ్యాఖ్యాత అమీన్ సయానీ 1952 డిసెంబరులో రేడియో సిలోన్‌లో హిందీ సినిమా పాటల కార్యక్రమం 'బినాకా గీత్‌మాలా' మొదలుపెట్టేనాటికి ఆయనకు ఇంకా 20 ఏళ్లు నిండలేదు. ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టిన రోజులవి. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు కొలంబో వెళ్లి, అక్కడి నుంచి గాలిలో తిరిగొచ్చేవి. మనిషి ఎలా ఉంటాడో తెలియకుండానే జనం దశాబ్దాలపాటు ఆ గొంతు కోసం కాచుకున్నారు. 2024లో 91 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆయనకు గొంతే గుర్తింపు కార్డు. గొంతుకూ వయసొస్తుంది, కానీ వినేవాళ్లూ దాంతోపాటే పెద్దవాళ్లవుతారు.

తెర సంగతి వేరు. పల్లె జీవితంపై నడిచే బీబీసీ 'కంట్రీఫైల్' కార్యక్రమం 2009లో సాయంత్రం ప్రైమ్‌టైమ్‌కు మారినప్పుడు, 50 దాటిన వ్యాఖ్యాత మిరియం ఒరైలీని మరో ముగ్గురు మహిళలతోపాటు పక్కన పెట్టారు. 68 ఏళ్ల జాన్ క్రేవెన్ మాత్రం కొనసాగారు. ప్రతి గీతనూ స్పష్టంగా చూపే హెచ్‌డీ వస్తోంది, ముడతలతో జాగ్రత్త అని తనను హెచ్చరించారని ఒరైలీ ఉద్యోగ వివాదాలు విచారించే ట్రిబ్యునల్‌కు చెప్పారు. 2011 జనవరిలో వయసు వివక్ష నిజమేనని తీర్పొచ్చింది. స్త్రీ కావడం వల్లే తీసేశారన్న వాదన మాత్రం నిలవలేదు. మాకు ఆ రెండింటినీ విడదీయడం అంత తేలిక అనిపించదు.

ఈ వృత్తిలో చాలామంది కాంట్రాక్టు మీదే బతుకుతారు. కార్యక్రమం ఆగితే ఆదాయం ఆగుతుంది. కారణం అడిగితే చెప్పేవారుండరు, గట్టిగా అడిగితే ఇంకెక్కడా పిలవరేమోనన్న టెన్షన్. తొలగిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, ఒకే తరహా కార్యక్రమానికి ఎవరికెంత ఇస్తున్నారో బయటపెట్టాలి. ఈ రెండూ చేయడానికి చానళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు.

డబ్బు దగ్గరికొస్తే బీబీసీ వ్యాఖ్యాత సమీరా అహ్మద్ కేసు చూడాలి. ప్రేక్షకుల అభిప్రాయాలపై నడిచే 15 నిమిషాల 'న్యూస్‌వాచ్'కు ఆమెకు ఎపిసోడ్‌కు 440 పౌండ్లు ఇచ్చారు. అదే కోవకు చెందిన, అదే నిడివి ఉన్న 'పాయింట్స్ ఆఫ్ వ్యూ'కు జెరెమీ వైన్‌కు 3,000 పౌండ్లు ముట్టాయి. ఆ కార్యక్రమానికి కళ్లలో కొంటెతనం ఉన్న మనిషి కావాలని బీబీసీ వాదించింది. 2020 జనవరిలో ట్రిబ్యునల్ సమీరా పక్షాన తీర్పిచ్చింది. కళ్లు తిప్పమని స్క్రిప్టులో ఉంటే వైన్ తిప్పారు, అందుకు ప్రత్యేకమైన నేర్పు గానీ అనుభవం గానీ అక్కర్లేదని అందులో రాసింది.