పాత లోకం, కొత్త అట్ట

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, పాచికలేస్తూ కథ నడిపే ఆట ఒకటుంది. దాని రూల్స్‌కి కొత్త ఎడిషన్ వస్తే చాలు, కథలు నడిచే పాత ఊహాలోకాన్ని దుమ్ము దులిపి మళ్లీ అమ్మడం. అమ్మండి, కాదన్నదెవరు? లోపల సరుకేదప్పా?

అందులో స్పెల్‌జామర్ అనే లోకం 1989 నాటిది. ఓడలెక్కి నక్షత్రాల మధ్య తిరగడం. 2022లో మళ్లీ తెచ్చారు. పెట్టెలో మూడు పుస్తకాలు, ఒక్కోటి 64 పేజీలే! ఒకటి రాక్షసుల చిట్టా, ఇంకోటి రెడీమేడ్ కథ. లోకానికి మిగిలింది ఒక్కటే. పోనీ, ఓడల యుద్ధమైనా గట్టిగా ఉందా? దగ్గరికెళ్లి అవతలి ఓడలోకి దూకి కొట్టుకోండి, దాదాపు అంతే. మరి ఓడలెందుకు? ఆదివారం కొర్లగుంటలో మా మిద్దె మీద ఆట నడపాల్సింది నేను. ఓడ ఎలా తిరగాలి, ఎలా తప్పించుకోవాలి, ఆ రూల్స్ అన్నీ రాత్రంతా కూర్చుని నేనే రాసుకోవాలి. డబ్బులు పెట్టింది దేనికి?

ఇక డార్క్ సన్. 1991 నాటి ఎడారి లోకం. నీటి చుక్కకు కటకట, ఇనుము దొరకడం గగనం, మంత్రం వేస్తే చుట్టూ చెట్టూచేమా మాడిపోతాయి. బోరు ఎండితే ఏమవుతుందో చిత్తూరోళ్లకు ఒకరు చెప్పాలా? ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది, పదేళ్లు గడిచినా దీని పుస్తకం రాలేదు! "పాతది ఉంది కదా, మార్చి ఆడిద్దువులే" అంటారు మావాళ్లు. మార్చేదెవరప్పా? మళ్లీ నేనే. వాళ్లేమో బజ్జీలు తిని, ఆ నూనె చేతులతోనే పాచికలేసి పోతారు.