వంక ఎత్తుకపోతే కత్తి అయితదా?

నా జేబులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉంటుందని దోస్తులందరికీ తెలుసు. మొన్న నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో చాయ్ తాగుతుంటే ఒకడు దాన్ని తెరిచి చూసి, "ఫ్యాక్టరీల చేసి ఎవరిదో పేరు కొట్టిండ్రు. నువ్వు సంతకానికి పైసలిచ్చినవ్ రా" అన్నాడు. అక్కడ నవ్వి ఊరుకున్నా. ఇక్కడ ఊరుకోను.

వాడన్నదాంట్లో సగం నిజమే. ఇంతకు ముందు ఒకటి కొన్నాను, కంపెనీ పేరు చెప్పను. చేత్తో కత్తులు చేసే పెద్ద పనివాడి డిజైన్ అని మూడు నెలలు డబ్బులు కూడబెట్టి తెప్పించుకున్నా. మడిస్తే అలుగు, అంటే కోసే రేకు, ఒక పక్కకు రాసుకుంటుంది. డబ్బా మీద మాత్రం ఆయన పేరు అరచేతి మందాన ఉంది.

మా తాత దేవరకొండ దిక్కు కల్లు గీసేవాడు. ఆయన గీత కత్తి ఊళ్లో చారి తాత చేసేవాడు. లారీ కమాను పట్టీ కొలిమిలో కాల్చి, తాత పిడికిలి చూసి పిడి కొలత తీసేవాడు. కత్తి మొద్దుబారితే గెల నలుగుతుంది, కల్లు తగ్గుతుంది. అందుకే పదును దగ్గర ఇద్దరికీ రోజూ లొల్లే. కస్టమ్ అనే మాట ఎవరికీ తెలియదు గానీ జరిగింది అదే.

ఒకసారి పట్నం నుంచి దుకాణపాయన వచ్చి చారి తాత చేసిన కొడవళ్లు రెండు కొనుక్కుపోయాడు. ఆర్నెల్లు తిరిగేసరికి అదే వంపుతో రేకు కొడవళ్లు సగం ధరకు సంతలోకి దిగాయి. రెండు రోజులు కోస్తే అంచు వంగిపోయేది. చారి తాత ఒకటే మాట అన్నాడు: "వంక ఎత్తుకపోయిండ్రు గని నీళ్లు ఎత్తుకపోలే." నీళ్లంటే ఉక్కుకు నీరు పెట్టడం, పదును నిలబెట్టే పని.

అమెరికా చాకు కంపెనీలు చేతిపనివాళ్లతో పెట్టుకునే పొత్తులను కూడా నేను ఈ మాటతోనే తూస్తాను. 1990లో స్పైడెర్కో కంపెనీ బాబ్ టెర్జుఓలా అనే పనివాడితో కలిసి చాకు చేసింది. అందులో ఆకారం ఒక్కటే కాదు, లైనర్ లాక్ కూడా వచ్చింది. అంటే తెరిచిన అలుగు మడుచుకోకుండా పిడి లోపలి రేకే అడ్డం వచ్చి ఆపే తాళం. చేత్తో చేసేవాళ్ల దగ్గర మైకేల్ వాకర్ మెరుగుపెట్టిన తాళం అది. బెంచ్‌మేడ్ కంపెనీ యాక్సిస్ లాక్ ఇంకా ముచ్చటైనది. అడ్డంగా ఒక చిన్న ఉక్కు కడ్డీ, రెండు పక్కలా సన్నటి స్ప్రింగులు. అలుగు తెరవగానే కడ్డీ ముందుకు జరుగుతుంది, అలుగు మడమ (పిడిలో ఉండే వెనక భాగం) ఆ కడ్డీకీ ఆపే పిన్నుకూ మధ్య ఇరుక్కుంటుంది. కుడిచేతివాడికైనా ఎడమచేతివాడికైనా ఒకటే. అది బిల్ మెక్‌హెన్రీ, జేసన్ విలియమ్స్ అనే ఇద్దరు పనివాళ్ల ఆలోచన. పేటెంటు మీద వాళ్ల పేర్లే ఉన్నాయి. గడువు తీరాక ఇప్పుడు ఎన్నో కంపెనీలు అదే తాళం వేస్తున్నాయి, నా జేబులోదానికీ అదే.

కేస్ కంపెనీ 1999 నుంచి టోనీ బోస్ అనే పనివాడితో చేసిన చాకులు ఇంకో రకం. వాటిలో చాలావాటికి తాళం ఉండదు, వెన్నులో స్ప్రింగ్ ఒక్కటే. ఇలాంటి చాకులో తెరిచినా, సగం తెరిచినా, మడిచినా వెన్ను ఎత్తుపల్లాలు లేకుండా ఉండాలి. చూడటానికి అందులో ఏమీ లేదు. చేయబోతే తెలుస్తుంది. ఫ్యాక్టరీ కూర్చుని నేర్చుకోకుండా అది రాదు.

ఇలా నేర్చుకున్న చోట పొత్తును నేను తప్పు పట్టను. పనివాడికి ఉన్నవి రెండు చేతులు, ఏడాదికి ఎన్ని చేస్తాడు? ఫ్యాక్టరీ ఆయనకు కత్తికింత అని ఇచ్చి వేలల్లో చేస్తే నాలాంటోడి జేబులోకి ఒకటి వస్తుంది. వంక ఒక్కటే తీసుకుని పేరు చెక్కేవాళ్లకూ ఆ దుకాణపాయనకూ తేడా ఏంటంటే, వీళ్లు డబ్బులిచ్చారు. అంతే.

పోయిన దసరాకు ఊరికి పోయినప్పుడు ఈ చాకు చారి తాతకు చూపించాను. కొలిమి ఆరిపోయి చాలా ఏళ్లయింది. పదిసార్లు తెరిచాడు, మడిచాడు, కడ్డీని బొటనవేలితో లాగి చూశాడు.

"ఈ రాసింది ఎవరి పేరు?"

"దీని బొమ్మ గీసినాయనది తాతా."

"గీసినోనిది సరే. నీళ్లు పెట్టినోని పేరేది?"

చాయ్ దగ్గర మా వాడికి ఈ ముచ్చట చెప్పలేదు.