అతి మంచితనానికి ఇల్లు ఖాళీ చేయమని నోటీసు

నా కథల్లో పన్నెండేళ్ళుగా అద్దెకుంటున్న అతి మంచితనం గారికి,

బాగున్నారా అని అడగను. మీరెప్పుడూ బాగానే ఉంటారు, గొడవంతా అదే కదా.

సూటిగా చెప్పేస్తాను, ఇల్లు ఖాళీ చేయాలి. బెంగళూరులో మామూలుగా ఒకట్రెండు నెలల ముందు చెబుతారు. నేను ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా టైమిస్తున్నాను. అడ్వాన్సు సంగతి చివర్లో మాట్లాడుకుందాం. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఈ ఊరి ఆచారమని మీకూ తెలుసు.

నా హీరో విశ్వం మీకు బాగా పరిచయం. ఒక కథలో బ్యాంకు గుమాస్తా, ఒక దాంట్లో రైతు, ఇంకోదాంట్లో మారతహళ్ళి పీజీలో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. పేర్లు మార్చాను గానీ అన్నిట్లోనూ వాడే. వాడికి లోపాలే లేవా అని ఎవరైనా అడిగితే వెంటనే మిమ్మల్ని పిలిచి చూపించేవాణ్ణి. ఎందుకు లేవండీ, ఎవరినైనా ఇట్టే నమ్మేస్తాడు, ఎవరేమడిగినా కాదనలేడు, తన గురించి ఆలోచించుకోవడం చేతకాదు అని. ఇవి లోపాలా? పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పే మాటలు. "అబ్బాయికి ఒక్కటే చెడ్డలవాటండీ, జీతం మొత్తం తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పోసేస్తాడు."

మిమ్మల్ని ఇంట్లోకి తెచ్చుకున్నది నేనే, ఒప్పుకుంటాను. ఇంటర్వ్యూలో మీ బలహీనత ఏమిటని అడిగితే ఏం చెప్పాలో అమీర్‌పేట కోచింగ్‌లో సారు మాతో బట్టీ పట్టించాడు: "పని మొదలుపెడితే అన్నం నీళ్ళు గుర్తుండవు సార్, పర్ఫెక్టుగా వచ్చేదాకా వదలను సార్." వైట్‌ఫీల్డులో ఆ మాట చెప్పే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఎదురుగా కూర్చున్నాయన నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది, కాకపోతే ఆయనా ఎప్పుడో ఇదే చెప్పి లోపలికి వచ్చినవాడిలా ఉన్నాడు, నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి గదికొచ్చి కథ రాద్దామని కూర్చుంటే, విశ్వం బలహీనత ఏమిటి అన్న ప్రశ్న వచ్చింది. బట్టీ పట్టిన జవాబు నోట్లోనే ఉంది. అలా వచ్చారు మీరు, ఒక్కరే ఉంటానని చెప్పి.

తర్వాత చుట్టాలు దిగారు. కోపం ఎక్కువే గానీ మనసు వెన్న అనే మీ బావగారు, మొండితనమే గానీ న్యాయం కోసం అనే మీ తమ్ముడు, ప్రేమ విఫలమయ్యాక గడ్డంతో పాటు వచ్చే తాగుడు. నడుస్తూ నడుస్తూ తూలిపడే కథానాయిక ఒకమ్మాయి ఉంది, అదేమిటో గానీ హీరో పక్కనున్నప్పుడే తూలుతుంది, ఖాళీ మెట్ల మీద ఒక్కసారీ పడదు. గోళ్ళు కొరకడం, లెక్కకు మించి కాఫీ తాగడం లాంటి చిల్లర సామాను కూడా చేరింది. ఒక కథలో అయితే విశ్వానికి నత్తి పెట్టి, ఇదిగో లోపం అన్నాను. ఆ ఒక్కటీ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నత్తి ఉన్నవాడికి నత్తి ఉంటుంది, అంతే, దానికీ గుణానికీ ఏం సంబంధం? నత్తి ఉన్నవాడు పిసినారి కావచ్చు, చాడీకోరు కావచ్చు, వాటి జోలికి మాత్రం నేను వెళ్ళలేదు.

మా టీములో హిందూపురం ఆయన ఒకాయన ఉన్నాడు. నా కథ చదివి టీ కొట్టు దగ్గర అన్నాడు: "ఏమప్పా, ఈయప్ప ఇంత మంచోడైతే కథ యాల రాస్తివి? ఫోటో కట్టిచ్చి గోడకు తగిలిచ్చి దండేసుంటే సరిపోయేది గదా."

ఆ రోజు సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు కదలకుండా నలభై నిమిషాలు నిలబడింది (ఆ కూడలి మీద నేనింకేమీ రాయను, రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు). చేసేదేం లేక మహాభారతంలో మంచివాడెవడా అని ఆలోచించాను. ధర్మరాజు. పేరులోనే ధర్మం ఉంది, మీకు సరిగ్గా సరిపోయే ఇల్లు. మరి ఆయన చేసిందేమిటి? జూదంలో రాజ్యం పోగొట్టాడు, నకులుడితో మొదలుపెట్టి తమ్ముళ్ళందరినీ ఒడ్డాడు, తనని ఒడ్డుకున్నాడు, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. ఇక్కడిదాకా ఎవడైనా రాస్తాడు. నేనైతే ఇక్కడే విశ్వానికి బుద్ధొచ్చిందని రాసి, ముగింపులో ఒక సూర్యోదయం పెట్టేవాణ్ణి. వ్యాసుడు అలా వదల్లేదు. ద్రౌపది వల్ల ధృతరాష్ట్రుడు పోయినవన్నీ తిరిగిచ్చేశాక, ఇంటికి వెళ్తూ ఉంటే దారిలో మళ్ళీ కబురొచ్చింది, ఆడదాం రమ్మని. వెళ్ళాడు. అదీ లోపమంటే! ఫలితం ఏమిటో చూసి కూడా రెండోసారి వెళ్ళడం. ఈసారి పన్నెండేళ్ళ అడవి, ఆపైన ఏడాది అజ్ఞాతవాసం. ఆ అజ్ఞాతవాసంలో విరాటుడి కొలువులో ఏ వేషమైనా వేసుకోవచ్చు కదా, కంకుభట్టుగా మారి రాజుతో పాచికలాడే పనిలో చేరాడు.

రెండోసారి ఎందుకు వెళ్ళావయ్యా అంటే ఆయన దగ్గర జవాబుంది. పెద్దాయన పిలిచాడు, కాదనలేను. వినడానికి ఎక్కడో విన్నట్టుంది కదండీ? మా విశ్వమూ కాదనలేడు. తేడా ఒక్కటే. విశ్వం కాదనలేకపోతే కన్నీళ్ళు కారేది వాడికే, చదివేవాళ్ళు అయ్యో అంటారు. ధర్మరాజు కాదనలేకపోతే బిల్లు వేరేవాళ్ళు కట్టారు, నిండు సభలో కట్టారు. మీరున్నది ఆయన నోట్లో. వ్యాసుడు మిమ్మల్ని ఆయన చేత పలికించాడే గానీ, తాను నమ్మలేదు. నేను నమ్మాను.

ఆ గ్రంథం చివర్లో మహాప్రస్థానానికి బయల్దేరి ఒక్కొక్కరే పడిపోతుంటే ఆయనే వరసగా కారణాలు చెబుతాడు: ద్రౌపదికి అర్జునుడంటే పక్షపాతం, సహదేవుడికి తెలివి ఉందని గర్వం, నకులుడికి అందం ఉందని, అర్జునుడు ఒక్కరోజులో శత్రువులందరినీ చంపుతానని కోతలు కోశాడు, భీముడిది తిండి, పైగా బలం చూసుకుని మిడిసిపాటు. ఒక్కొక్కరికి ఒక్క ముక్క. జూదం ఊసు మాత్రం రాలేదు. ఇంట్లో అందరి లోపాల చిట్టా ఎవరి దగ్గరుంటుందో వాళ్ళ లోపం ఆ చిట్టాలో ఉండదు, మా మేనత్త కూడా అంతే.

అంత పైకి ఎందుకు, గిరీశం ఉన్నాడు. 'కన్యాశుల్కం' మొదట 1897లో అచ్చయింది, గురజాడ దాన్ని తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు. ఆ రెండో కూర్పు ఎత్తుకోవడమే గిరీశంతో. పూటకూళ్ళమ్మకి సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు తీసుకున్నాడు, నెలైంది, సొంత సరదాలకి తగలేశాడు. ఎంత, ఎప్పుడు, ఎవరి దగ్గర, దేనికని, మొత్తం ఉంది. నా విశ్వానికి "ఆర్థిక ఇబ్బందులు" ఉండేవి. ఎవరికివ్వాలో, ఎంతో, చెప్పిన పాపాన పోలేదు. చెబితే ఆ ఇవ్వాల్సిన మనిషి కథలోకి వచ్చి నిలబడుతుంది, మీకు ఇరుకవుతుంది.

సరే, మీరు లేకుండా ఒక కథ రాద్దామనుకున్నాను. లోపం ఎక్కణ్ణుంచి తేవాలి? దూరం పోలేదు. అయిదేళ్ళ కిందట బీటీఎం లేఔట్‌లో ముగ్గురం ఒక ఫ్లాట్లో ఉండేవాళ్ళం. పాలు, గ్యాసు, వాటర్ క్యాను, పనిమనిషి జీతం, అన్నీ ఎక్సెల్ షీట్లో రాసేది నేను. మాలో ఒకడు వాళ్ళమ్మకి ఆపరేషనని హడావిడిగా ఊరెళ్ళిపోయాడు. వాడు కట్టాల్సింది 2,340 రూపాయలు, షీట్లో ఆ వరస పసుపు రంగులో ఉంది. నాలుగో రోజు ఆ షీటు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. కింద "ఆంటీకి ఎలా ఉంది రా? కంగారేం లేదు, వీలు చూసుకుని" అని రాసి, రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాను. పది నిమిషాల్లో డబ్బులొచ్చాయి. మాట రాలేదు. నిజానికి అప్పుడు నాకు డబ్బు అవసరమే లేదు, పసుపు రంగు కళ్ళలో పడుతోందంతే. పర్ఫెక్టుగా వచ్చేదాకా వదలను సార్ అన్నాను కదా, అబద్ధం కాదన్నమాట.

ఇది విశ్వానికి ఇచ్చి రాస్తుంటే భుజం మీద నుంచి తొంగి చూసి మీరేం చేశారో గుర్తుందా? మొదటిసారి రాసినప్పుడు వాడికి ఒక చెల్లెల్ని పుట్టించారు, తెల్లారితే ఆ పిల్ల కాలేజీ ఫీజు కట్టాలి, అందుకే డబ్బులడిగాడు. పాపం అనిపించేలా ఏడిపించారు కూడా. చెల్లెల్ని కొట్టేశాను. రెండోసారి రాస్తే వాడు రాత్రికి రాత్రి బస్సెక్కి, పళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. బస్సు టికెట్టూ చించేశాను, పళ్ళూ పారేశాను. మూడోసారికి షీటు, పసుపు రంగు, చేతులు జోడించిన బొమ్మ మాత్రమే మిగిలాయి. మా ఆవిడ చదివి, "ఇది నువ్వే కదా" అంది. పన్నెండేళ్ళలో నా కథ చదివి ఒక మనిషిని గుర్తుపట్టడం అదే మొదటిసారి. కల్పితం అన్నాను. "ఆ షీట్లో ఇప్పుడు నా పేరుతో ఒక కాలమ్ ఉంది, అదీ కల్పితమేనా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

కథ మా తెలుగు సంఘం ఉగాది సంచికలో వచ్చింది. ఎవరూ గుర్తుపట్టకూడదని 2,340ని 1,870 చేశాను. సంచిక బయటికొచ్చిన మూడో రోజు, ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటున్న ఆ స్నేహితుడి దగ్గర్నుంచి నా ఫోనుకి డబ్బులు పడ్డాయి. సరిగ్గా 1,870. కింద రెండే మాటలు: "అమ్మ బాగుంది."

ఇక మీ అడ్వాన్సులో పెయింటింగ్‌కి ఒక నెల, చెల్లెలు వాడిన కరెంటుకి కొంత, కోసుకుని మిగిలింది ఇస్తాను. తాళాలు కింద వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళండి.

ఆ 1,870 తిరిగి పంపేద్దామనే ఉంది. డబ్బుకేముంది, కానీ అంత ముచ్చటపడి పంపినవాడికి వెంటనే తిప్పి కొడితే నొచ్చుకుంటాడేమోనని, వాడి మనసు ఎందుకు కష్టపెట్టాలని ఆగాను. ఇవాళ్టికి పదకొండు రోజులు.

ఇట్లు,
మీ ఓనరు