ఆషాఢంలో గీత, ధనుర్మాసంలో అచ్చు

పెళ్లి ముహూర్తాలు లేని ఆషాఢంలో రాజమండ్రి, భీమవరం, అమలాపురం శుభలేఖల షాపుల్లో అచ్చువేసే స్క్రీన్లు (చట్రానికి బిగించిన సన్నని మెష్, అంటే జాలీ) గోడకు ఆనుకుని ఉంటాయి. ఈ ఖాళీలో పాత పత్రికల కామిక్ పాత్రలను మంచి కాగితంపై చేత్తో అచ్చువేసి అమ్ముకోవచ్చన్న ఆలోచన బాగుంది. అయితే డెల్టాలో ఆషాఢమంటే ముసురు. నాలుగు రంగుల స్క్రీన్ ప్రింటుకు అంతకన్నా చెడ్డ కాలం లేదు.

మొదటి దెబ్బ ఎమల్షన్‌కి, అంటే స్క్రీన్ మీద పూసే, వెలుతురు తగిలితే గట్టిపడే పూతకి. బొమ్మ ఉన్నచోట గట్టిపడని పూత నీళ్లకు కొట్టుకుపోయి, అక్కడి నుంచే ఇంకు దిగుతుంది. చవకగా దొరికే బైక్రోమేట్ రకానికి ఓ దుర్గుణం ఉంది: వెలుతురు తగలకపోయినా, వేడికీ తేమకీ చీకట్లోనే మెల్లగా గట్టిపడిపోతుంది. రాత్రి పూత పూసి మర్నాడు ఎక్స్‌పోజ్ చేస్తే (బొమ్మ ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపిస్తే) సన్న గీతలు కడిగినా తెరుచుకోవు. పోనీ వెంటనే ఎక్స్‌పోజ్ చేద్దామంటే, లోపల తడి ఆరని పూత సరిగా గట్టిపడక నీళ్లతోపాటే కొట్టుకుపోతుంది. డయాజో రకం ఖరీదెక్కువే, కానీ పూసి ఆరబెట్టిన స్క్రీన్ చీకట్లో చాలా రోజులు నిలుస్తుంది. పైగా బైక్రోమేట్‌లోని క్రోమియం విషం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, ఆ కడుగు నీళ్లను పంట కాలువలోకి వదలడం అసలు తగని పని.

రెండో దెబ్బ కాగితానికి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాటన్ కాగితం తేమను పీల్చి సాగుతుంది. పసుపు వేసిన రోజుకూ నలుపు వేసే రోజుకూ మధ్య అర మిల్లీమీటరు సాగినా ముక్కు ఒకచోట, దాని రంగు మరోచోట పడతాయి. కాగితాన్ని రెండు రోజుల ముందే అచ్చు గదిలో వేలాడదీసి అలవాటు చేయాలి. ప్రతి రంగునూ నల్ల గీత కిందకు అర మిల్లీమీటరు చొచ్చుకుపోయేలా గీసుకుని, నలుపును చివర్లో వేయాలి. పాత పత్రికల్లోనూ రంగు జరిగేది కదా అని కావాలని జరిపేవాళ్లున్నారు. అది ముచ్చట కాదు, సాకు.

అసలు తేడా వచ్చేది బొమ్మ దగ్గర. న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పాకుతుంది. ఆ బొమ్మను స్కాన్ చేసి 5 రెట్లు పెంచితే గీత అంచులు గొంగళి పురుగుల్లా కనిపిస్తాయి. కుంచెతో ఫిల్మ్ మీద మళ్లీ గీయాల్సిందే. ఆ పని ఎగ్గొడితే చేతిలో మిగిలేది ఖరీదైన జిరాక్సు.

బెన్ డే చుక్కల్ని, అంటే పాత కామిక్స్‌లో రంగు ఛాయల కోసం వేసే చిన్న చుక్కల్ని, మాత్రం వదులుకోకూడదు. 1879 నాటి ఈ పద్ధతి పేరు బెంజమిన్ డే నుంచి వచ్చింది. అంగుళానికి 15–20 వరుసల చుక్కలకు సెంటీమీటరుకు 77 దారాల మెష్ చాలు, నల్ల గీతకు 120. చుక్కల వరుస, మెష్ దారం ఒకే దిశలో ఉంటే అలలు తేలతాయి. పాజిటివ్‌ను (బొమ్మ ఉన్న ఫిల్మ్‌ను) మెష్ మీద పెట్టి మెల్లగా తిప్పితే అవి ఎక్కడ మాయమవుతాయో కంటికే తెలుస్తుంది. స్క్రీన్‌కూ కాగితానికీ మధ్య 2–3 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, స్క్వీజీని (ఇంకును నెట్టే రబ్బరు పట్టీని) ఒక్కసారే లాగాలి. రెండోసారి లాగితే గీత లావెక్కుతుంది.

ఇక హక్కులు. 1929లో పుట్టిన నావికుడి కామిక్ పాత్ర పొపాయ్ తొలి రూపానికి అమెరికాలో కాపీరైట్ 2025 జనవరి 1న తీరింది. సృష్టికర్త సీగర్ 1938లోనే పోయాడు కనుక మన లెక్కలోనూ గడువు దాటినట్టే. పేరు మీద ట్రేడ్‌మార్క్ వేరే సంగతి. నరసాపురంలో పుట్టిన బాపు బొమ్మలైతే బాగా అమ్ముడుపోతాయి, నిజమే. కానీ ఆయన 2014లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం మరో 60 ఏళ్లు, అంటే 2074 చివరిదాకా, హక్కుదారుల అనుమతి తప్పదు.

కాబట్టి ఆషాఢాన్ని గీతకు, రంగుల విడదీతకు (ఒక్కో రంగుకు వేరే ఫిల్మ్ చేయడానికి) వాడుకోవాలి. అచ్చుకు ధనుర్మాసం నయం. అప్పుడూ ముహూర్తాలుండవు, గాలి కాస్త పొడిగా ఉంటుంది. గోదారి గట్టు ఊళ్లలో మంచు విడిచి, 10 గంటలు దాటాకే స్క్వీజీ పట్టాలి.